సున్నా అంటే ఏమీ లేదని కాదు!

మామోగ్రామ్ ఫిల్ములో సున్నపు చుక్కలు - పుకార్లు, నిజాలు, మన హక్కులు



మహిళా కార్మికుల ఆరోగ్యమే తమ ధ్యేయమని యాజమాన్యం గేటు దగ్గర కట్టిన బ్యానరు ఇంకా వేలాడుతూనే ఉంది. మెషీను పెట్టుకున్న బస్సు ఒకటి వచ్చింది. 40 దాటిన ఆడవాళ్ళను షిఫ్టు మధ్యలో వరస కట్టించారు. రొమ్ముకు ఎక్స్‌రే తీశారు. దాన్నే మామోగ్రామ్ అంటారు. మేనేజరు గారు బస్సు పక్కన నిలబడి ఫోటో దిగారు. సాయంత్రానికి బస్సు వెళ్ళిపోయింది. నెల తిరక్కముందే జీతం చీటీలతో పాటు ఒక్కొక్కరికి ఒక కవరు ఇచ్చారు. లోపల ఇంగ్లీషులో ఒక కాగితం. చదివి చెప్పే డాక్టరు లేడు. అడిగి తెలుసుకోవడానికి ఒక ఫోను నంబరైనా లేదు.

అక్కడితో యాజమాన్యం పని అయిపోయింది. మన కష్టం అక్కడే మొదలైంది.

ఆ కాగితాల్లో కొన్నింటి మీద 'కాల్సిఫికేషన్' అనే మాట ఉంది. అంటే సున్నపు చుక్కలు. ఆ ఒక్క మాట పట్టుకుని కార్డింగ్ నుంచి ప్యాకింగ్ దాకా పుకార్లు లేచాయి. పావగడ బోరు నీళ్ళలో ఉన్న సున్నం రొమ్ముల్లో పేరుకుందని ఒకరు. కాల్షియం మాత్రలు మింగినందుకే ఇలా అయిందని ఒకరు. రాగి సంగటి మానేయమని ఒకరు. చుక్క కనిపిస్తే క్యాన్సరేనని, ఇక రోజులు లెక్కపెట్టుకోవాల్సిందేనని మరొకరు. ఇవేవీ నిజాలు కావు.

యూనియన్ ఆఫీసుకు వచ్చిన కాగితాల్లో రెండింటి సంగతి చెబుతాం. ఇద్దరూ ఒప్పుకున్నారు గనుకే రాస్తున్నాం. పేర్లు మాత్రం రాయం.

మొదటి కాగితం రింగ్ ఫ్రేము మీద పనిచేసే ఒక అక్కది. దాని మీద '2' అనే అంకె ఉంది. అంటే చెడ్డదేమీ లేదని అర్థం. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక ఆమె మూడు నెలలు ఏడ్చింది. పాలు మానేసింది. మోకాళ్ళ నొప్పికి డాక్టరిచ్చిన కాల్షియం మాత్రలు చెత్తలో వేసింది. కూతురి పెళ్ళి ముందుకు జరిపింది.

రెండో కాగితం వైండింగ్‌లో పనిచేసే చెల్లెలిది. దాని మీద '0' ఉంది. సూపర్‌వైజరు చూసి నవ్వి, "సున్నా కదమ్మా, నీకేమీ లేదు, పో, పని చూసుకో" అన్నాడు. ఆమె ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టి దండం పెట్టుకుంది. ఎనిమిది నెలలు అది అక్కడే ఉంది.

సున్నా అంటే ఏమీ లేదని కాదు. తీసిన ఫిల్ము చాలలేదు, ఇంకా ఫిల్ములు తీసి చూడాలి అని! ఏమీ లేని అక్క ఏడ్చింది, వెంటనే వెళ్ళాల్సిన చెల్లెలు దండం పెట్టుకుని కూర్చుంది. ఇది వాళ్ళ తెలివితక్కువతనం కాదు. కాగితం ఇచ్చి అర్థం దాచిపెట్టినవాళ్ళ నేరం.

చుక్క అంటే ఏమిటి?

మామోగ్రామ్ ఫిల్ములో సున్నం తెల్లగా కనిపిస్తుంది. చుక్కలు రెండు రకాలు. పెద్దవి, మొద్దువి ఒక రకం. 50 దాటిన ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి ఇవి ఉంటాయి. 50 లోపు వాళ్ళలో పదిమందిలో ఒకరికి ఉంటాయి. పాత గడ్డ ఎండిపోయి సున్నం పట్టినా, ఎప్పుడో దెబ్బ తగిలి మానినా, రక్తనాళాల గోడలు గట్టిపడినా ఇవి ఏర్పడతాయి. ఎండిన పాత గడ్డల్లోని సున్నం ఫిల్ములో మొక్కజొన్న పేలాల్లా కనిపిస్తుంది. వీటికి క్యాన్సరుతో పనిలేదు.

రెండో రకం చాలా సన్నవి. అర మిల్లీమీటరు కూడా ఉండవు. చేతికి తగలవు, నొప్పి పుట్టించవు. ఇందులోనూ ఎక్కువ భాగం మంచివే. అయితే కొన్నిసార్లు పాల గొట్టాల లోపల కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. వాటిలో కొన్ని అక్కడే చచ్చిపోతాయి. చచ్చిన చోట సున్నం పేరుకుంటుంది. అలాంటి చుక్కలు గుంపుగా, ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో, లేదా గొట్టం వెంబడి గీత గీసినట్టు, కొమ్మలు చీలినట్టు కనిపిస్తాయి. డాక్టరు అనుమానించేది వీటినే.

కార్డింగ్‌లో పనిచేసేవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. వెబ్‌ను నల్ల బోర్డు మీద పట్టి నెప్స్ లెక్కపెడతాం కదా. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే పత్తి గుణం అనుకుంటాం. ఒకే చోట గుంపుగా వస్తే వైరు చెడిందేమో చూడమంటాం. నెప్ దారాన్ని పాడుచేసిందని మిషను ఆపం, నెప్ చూపించిన చోటు వెతకడానికి ఆపుతాం. ఈ చుక్కా అంతే. అది జబ్బు కాదు. జబ్బు ఉండవచ్చేమో చూడమని చెప్పే గుర్తు.

ఇది నిన్నా మొన్నా తెలిసిన సంగతి కూడా కాదు. 1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జను, ఆపరేషన్లలో తీసేసిన మూడు వేల రొమ్ములకు ఎక్స్‌రే తీసి ఈ చుక్కలను గమనించాడు. ఉరుగ్వే దేశపు డాక్టరు రౌల్ లెబోర్న్ 1951లో వీటిని సన్న ఉప్పు రవ్వలతో పోల్చి, క్యాన్సరుకు గుర్తుగా ఎలా చదవాలో రాశాడు. లోకానికి వందేళ్ళుగా తెలిసిన విషయాన్ని మన కార్మికురాలికి ఆమె భాషలో చెప్పడానికి ఈనాటికీ ఒక మనిషిని పెట్టలేదు.

ఇక నీళ్ళ సంగతి. మన తాలూకాలో ఫ్లోరైడు నీళ్ళు పెద్ద శాపమే. నాగలమడిక వైపు పోయినా, వై.ఎన్. హొసకోట వైపు పోయినా పచ్చబడిన పళ్ళు, బిగుసుకుపోయిన కీళ్ళు కనిపిస్తాయి. మంచి నీళ్ళ కోసం చేయాల్సిన పోరాటం ఉంది. అది వేరే పోరాటం. ఫ్లోరైడు దెబ్బకొట్టేది పళ్ళను, ఎముకలను. రొమ్ములో చుక్కలు తాగే నీళ్ళ నుంచి రావు. తినే రాగి నుంచి, తాగే పాల నుంచి, మింగే మాత్రల నుంచి కూడా రావు. కాబట్టి అక్కలారా, సంగటి మానకండి, డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకండి. మన ఒంటికి ఉన్న ఆ కాస్త బలాన్నీ పుకారుకు బలిచేయకండి.

ఇంకో చిన్న మాట. ఫిల్ము తీయించుకునే రోజు రొమ్ముల మీద, చంకల్లో పౌడరు, సెంటు, పూత మందు ఏదీ రాసుకోవద్దు. అవి కూడా ఫిల్ములో తెల్ల చుక్కల్లా పడతాయి. బస్సు క్యాంపులో ఈ ఒక్క మాటైనా మనవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కాగితం మీద ఏ అంకె ఉంది?

మామోగ్రామ్ రిపోర్టు చివర 'బి-రాడ్స్' అని రాసి ఒక అంకె వేస్తారు. అమెరికా రేడియాలజీ డాక్టర్ల సంఘం 1993లో తెచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లీషు రాకపోయినా అంకె అందరికీ వస్తుంది. ఈ పేజీ చించి ఇంట్లో పెట్టుకోండి.

0 - పరీక్ష పూర్తి కాలేదు. మళ్ళీ ఫిల్ములు, లేదా స్కానింగ్ కావాలి.

1 - ఏమీ కనిపించలేదు.

2 - కనిపించింది మంచిదే. భయం లేదు.

3 - మంచిదే అయి ఉండాలి. క్యాన్సరు అయ్యే అవకాశం నూటికి రెండు కూడా లేదు. కానీ ఆరు నెలలకు మళ్ళీ చూడాలి.

4 - అనుమానం ఉంది. సూదితో ముక్క తీసి పరీక్షించాలి. పక్కన ఎ, బి, సి అని ఉంటుంది. ఎ అంటే అనుమానం తక్కువ, సి అంటే ఎక్కువ.

5 - అనుమానం చాలా గట్టిది. నూటికి 95 పాళ్ళ పైనే.

6 - క్యాన్సరని ముందే తేలినవాళ్ళకు వేసే అంకె.

0 ఉన్నవాళ్ళూ, 4, 5 ఉన్నవాళ్ళూ ఒక్క వారం కూడా ఆగొద్దు. 3 ఉన్నవాళ్ళు ఆరో నెల తేదీని క్యాలెండరులో గీసుకోండి. 1, 2 ఉన్నవాళ్ళు మామూలుగా ఉండండి. ఏ అంకె ఉన్నా సరే, గడ్డ చేతికి తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, చర్మం సొట్టపడినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. ఫిల్ము అన్నిటినీ పట్టుకోదు. వయసులో ఉన్నవాళ్ళ రొమ్ము గట్టిగా ఉంటుంది గనుక ఫిల్ములో సరిగా తెలియదు.

సూది అంటే భయపడుతున్నారు. సూది పెడితే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. చేతికి తగలని చుక్కలకు ఎక్స్‌రే చూపించే చోటుకే సూది పంపి ముక్క తీస్తారు. తీసిన ముక్కకు మళ్ళీ ఎక్స్‌రే తీసి, చుక్కలు అందులో వచ్చాయో లేదో సరిచూస్తారు. జబ్బా కాదా అని తేల్చేది ఆ ముక్కే గాని ఫిల్ము కాదు.

వైండింగ్ చెల్లెలికి ఎనిమిది నెలల తర్వాత జరిగింది అదే. యూనియన్ తరఫున మనిషి వెంట వెళ్ళాడు. పెద్దవి చేసి మళ్ళీ ఫిల్ములు తీశారు, తర్వాత సూది. పాల గొట్టం లోపలే ఉండి గోడ దాటని జబ్బు అని తేలింది. డాక్టర్లు దాన్ని 'సున్నా దశ' అంటారు. కాగితం మీది సున్నా వేరు, ఈ సున్నా వేరు. ఈ దశలో దొరికే జబ్బులో ఎక్కువ భాగం ఈ సన్న చుక్కల వల్లే దొరుకుతుంది. ఇలా దొరికినవన్నీ ముదురుతాయని కాదు, కొన్ని ఎన్నేళ్ళయినా కదలకుండా ఉండిపోతాయి. ఏది కదులుతుందో ముందే తేల్చి చెప్పడం మాత్రం డాక్టర్లకూ కష్టమే. ఆమెకు ఆపరేషన్ అయింది. కోలుకుంటోంది. మళ్ళీ పనిలోకి వస్తుంది.

ఆమె బాగుపడుతోందంటే అది క్యాంపు గొప్ప కాదు. ఆ ఎనిమిది నెలల్లో జబ్బు గోడ దాటి ఉంటే ఎవరు జవాబు చెప్పేవారు? బ్యానరా?

ఒక్క రోజు ఖరీదు

"రెండోసారి రమ్మని డాక్టర్లు చెబుతారు, మీ ఆడవాళ్ళే పోరు" అని మేనేజ్‌మెంటు వారు మాతో అన్నారు. ఎందుకు పోరో మేం లెక్క చెబుతాం.

ముక్క తీసి పరీక్షించే సౌకర్యం కోసం మనవాళ్ళు పోవాల్సింది బెంగళూరుకు. కిద్వాయి ఆస్పత్రికైనా, రాజాజీనగర్ ఈఎస్ఐ ఆస్పత్రికైనా పావగడ నుంచి నూట యాభై కిలోమీటర్లకు తగ్గదు. తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రికి ఇల్లు. ఆమె ఒక్కతే పోలేదు, తోడు కావాలి. అంటే రెండు కూలీలు పోతాయి. నాగా పడితే నెల అటెండెన్స్ బోనసు పోతుంది. మళ్ళీ రిపోర్టుకు ఒక రోజు, సూదికి ఒక రోజు, దాని ఫలితానికి ఒక రోజు.

"ఈఎస్ఐ ఉంది కదా?" అంటారు. ఉంది. 2019 జూలై నుంచి మన జీతంలో నూటికి 75 పైసలు కోస్తున్నారు, యాజమాన్యం మూడు రూపాయల పావలా కడుతోంది. జబ్బు పడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. క్యాన్సరని తేలితే, నిబంధనల ప్రకారం సర్వీసు ఉన్నవాళ్ళకు రెండేళ్ళ దాకా 80 శాతం వస్తుంది. ఇవి మన హక్కులు, ఎవరి దయా కాదు. కానీ అందులో ఒక మెలిక ఉంది. కొత్తగా జబ్బు సెలవు పెట్టినప్పుడు మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. పరీక్షకు పోయేది ఒక్కొక్క రోజే. అంటే జబ్బు ముదిరి మంచం పడితే డబ్బిస్తారు, ముదరకుండా చూసుకోవడానికి పోతే ఇవ్వరు! ఇలాంటి లెక్క ఉన్నప్పుడు ఏ తల్లి పిల్లల కూడు మానిపించి బెంగళూరు బస్సెక్కుతుంది?

ఆడవాళ్ళు పోకపోవడానికి కారణం అజ్ఞానం కాదు, ఆ ఒక్క రోజు కూలి. ఆ కూలి ఎవరు భరించాలన్నదే మన తగవు.

కరపత్రంతో సరిపెడితే ఒప్పుకోం

క్యాంపు తర్వాత గొడవ చేస్తే యాజమాన్యం ఒక కరపత్రం పంచింది. "మీ రొమ్ములను మీరే పరీక్షించుకోండి" అని. ఖర్చు లేని సలహా గదా!

దీనికి జవాబు మన తోటి మిల్లు కార్మికులే ఇచ్చారు. చైనాలో షాంఘై నగరపు 519 బట్టల ఫ్యాక్టరీల్లో 2,66,064 మంది మహిళా కార్మికులతో 1989లో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. సగం మందికి స్వయంగా పరీక్షించుకోవడం నేర్పారు, పదే పదే గుర్తుచేశారు. మిగతా సగానికి నేర్పలేదు. పదేళ్ళు దాటాక లెక్క తీస్తే నేర్పినవాళ్ళలో రొమ్ము క్యాన్సరుతో చనిపోయినవారు 135 మంది, నేర్పనివాళ్ళలో 131 మంది. తేడా లేదు. మన ఒంట్లో మార్పు మనం గమనించుకోవడం మంచిదే. కానీ ఆ కరపత్రం వైద్యానికి బదులు కాదు. పైగా సన్న సున్నపు చుక్కలు ఎవరి చేతికీ తగలవు.

మరి పనికొచ్చేది ఏమిటి? ముంబైలో టాటా మెమోరియల్ వారు 35 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న 1,51,538 మంది పేద స్త్రీల మీద 20 ఏళ్ళు చేసిన పరిశోధన 2021లో వెలువడింది. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి, నాలుగు విడతలు చేత్తో పరీక్షించారు. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సరు చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్ళలో తగ్గలేదు. ఖరీదైన మెషీను లేకుండానే ఈ ఫలితం వచ్చింది. ఎందుకంటే అక్కడ పరీక్షతో పని ముగించలేదు, అనుమానం ఉన్నవాళ్ళను ఆస్పత్రి దాకా నడిపించారు. నడిపించే మనిషి లేకుండా మెషీను తెచ్చి ఏం లాభం?

సోదరులకు ఒక మాట

"ఇది ఆడవాళ్ళ విషయం, యూనియన్ పత్రికలో ఎందుకు?" అని కొందరు సోదరులు అడిగారు. దుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడితే యూనియన్ విషయం, రొమ్ములో జబ్బు వస్తే సిగ్గు విషయమా? 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో 1,92,000 మందికి పైగా స్త్రీలకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. 98,000 మందికి పైగా చనిపోయారు. మన ఆడవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సరు ఇదే.

రాత్రి షిఫ్టు సంగతి కూడా మరిచిపోవద్దు. రాత్రి పని బహుశా క్యాన్సరు కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్ళీ అదే మాట చెప్పింది. అదే 2019లో కర్ణాటక ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ రాత్రి పనికి తలుపు తెరిచింది. లాభం యాజమాన్యానికి, ప్రమాదం మన అక్కచెల్లెళ్ళకు. అందుకే ఇది యూనియన్ విషయం. భార్య కాగితం చదవని భర్త, అక్క కాగితం గురించి జోకులేసే తమ్ముడు యాజమాన్యానికి ఉచితంగా పనిచేసిపెడుతున్నట్టే లెక్క.

మన డిమాండ్లు

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద మన వ్యతిరేకత మనకుంది. అయితే 40 దాటిన కార్మికులకు యాజమాన్యం ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ పరీక్షను బీపీ చూసి స్టాంపు గుద్దడంతో సరిపెట్టనివ్వం. మా డిమాండ్లు ఇవి:

1. ఫిల్ము తీస్తే చివరిదాకా బాధ్యత తీసుకోవాలి. తర్వాతి పరీక్షకు ఏ ఆస్పత్రి, ఏ తేదీ అన్నది రాసివ్వని క్యాంపును గేటు లోపలికి రానివ్వం.

2. ప్రతి రిపోర్టుకూ తెలుగులో, కన్నడంలో అర్థం రాసిన చీటీ ఉండాలి. డాక్టరు కూర్చుని ఒక్కొక్కరికి విడిగా, సూపర్‌వైజరు లేకుండా చెప్పాలి. రిపోర్టు కార్మికురాలి సొత్తు. దాని కాపీ ఆఫీసులో పెట్టుకుని పని నుంచి తీసేయడానికి వాడుకుంటే ఊరుకోం.

3. పరీక్ష రోజుకు పూర్తి జీతంతో సెలవు. అటెండెన్స్ బోనసు కోత ఉండకూడదు. తోడు వెళ్ళేవారు మన మిల్లువారే అయితే వారికీ అదే సౌకర్యం. బస్సు చార్జీలు యాజమాన్యానివే.

4. శిక్షణ పొందిన నర్సుతో రెండేళ్ళకొకసారి చేత్తో పరీక్ష. కాంట్రాక్టు కార్మికులకు కూడా.

5. మొదటి రెండు రోజులకు డబ్బివ్వని ఈఎస్ఐ నిబంధన నుంచి క్యాన్సరు పరీక్షలకు మినహాయింపు. దీని మీద సంతకాలు సేకరించి పైకి పంపుతున్నాం.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. తిరుమణి దగ్గర 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టడానికి దారి దొరికింది. అదే తాలూకా ఆడకూతురికి ఒక ఫిల్ము నుంచి ఒక సూది దాకా దారి వేయడం అంత కష్టమా?

సాధ్యమా అని సందేహించేవాళ్ళకు ఒకటి గుర్తుచేస్తాం. 2016 ఏప్రిల్‌లో పి.ఎఫ్. డబ్బు తీసుకోవడం మీద కేంద్రం ఆంక్ష పెడితే, బెంగళూరు గార్మెంటు కార్మిక స్త్రీలు వేలాదిగా రోడ్డెక్కారు. రెండు రోజుల్లో ఢిల్లీ వెనక్కి తగ్గింది. వాళ్ళూ మనలాంటి ఆడవాళ్ళే.

ఈ ఆదివారం ఉదయం పది గంటలకు యూనియన్ ఆఫీసుకు మీ కవర్లు తీసుకుని రండి. అంకె చూసి అర్థం చెప్పడానికి మహిళా కమిటీ సభ్యులు ఉంటారు. 0, 4, 5 ఉన్నవాళ్ళ వెంట ఆస్పత్రికి మనిషిని పంపుతాం. దేవుడి పటం వెనక ఉన్న కాగితాలు కూడా బయటికి తీయండి.

చుక్క చూసి భయపడొద్దు! సున్నా చూసి నిద్రపోవద్దు!
పరీక్ష రోజుకు జీతం - మన హక్కు!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

- కార్యదర్శి